బండిని ఓడ ఎక్కించాలా? దిగే రేవు నుంచి మొదలుపెట్టండి

మోటార్‌సైకిల్ మీద దేశాలు దాటుకుంటూ పోయేవాళ్లకి ఎక్కడో ఒకచోట రోడ్డు అయిపోతుంది. పనామా, కొలంబియాల మధ్య డారియెన్ గ్యాప్ దగ్గర సుమారు 100 కిలోమీటర్ల మేర అడవీ చిత్తడీ తప్ప రోడ్డన్నదే లేదు, అంత పొడవైన పాన్-అమెరికన్ హైవే అక్కడికొచ్చి తెగిపోతుంది. ఆస్ట్రేలియాకి ఏ వైపు నుంచీ నేల మీద చేరలేరు. ఇంకొన్నిచోట్ల రోడ్డు ఉంటుంది గానీ సరిహద్దు మూసేసి ఉంటుంది. అలాంటప్పుడు బండి ఓడ ఎక్కాలి, మీరు విమానం ఎక్కాలి.

మొదటిసారి పంపేటప్పుడు నేను నా శక్తంతా ఎక్కించే రేవు మీదే పెట్టాను. పెట్టె ఎవరు చేస్తారు, ఓడ రేటు ఎంత తగ్గుతుంది, తాళ్లు ఎలా కట్టాలి, ఇదే లోకం. ఆ పనులన్నీ ముఖ్యమే, కాదనను, కానీ అవి మన కళ్ల ముందు జరుగుతాయి, తప్పు జరిగితే అక్కడే నిలబడి దిద్దుకోవచ్చు. డబ్బు కారిపోయేదీ రోజులు పోయేదీ అవతలి రేవులో. అక్కడికి బండి చేరాక మీ చేతిలో బేరమాడే బలం ఏమీ మిగలదు, వాళ్లు అడిగింది కట్టి తెచ్చుకోవడమే. అందుకని ఈ పనిని చివరి నుంచి మొదటికి చేయండి. నేనూ కింద అవతలి ఒడ్డు సంగతితోనే మొదలుపెట్టాను.

ముందు అవతలి ఒడ్డు సంగతి

వెళ్లబోయే దేశంలో ఓడలు దిగే రేవులు రెండు మూడు ఎంచుకుని, ఒక్కోదాని గురించి ఒకే ప్రశ్న వేసుకోండి: విదేశీ నంబరు ప్లేటున్న బండిని కొన్నాళ్లు తిప్పుకుని తిరిగి తీసుకెళ్లిపోయే మనిషికి ఇక్కడి కస్టమ్స్ బండి ఎలా వదులుతుంది, ఈ మధ్య ఎవరికైనా వదిలిందా? రేవు పెద్దదైతే పని తేలిక అనుకోకండి. పెద్ద రేవులో వేల కంటైనర్ల వ్యాపారం నడుస్తుంటుంది, ఒంటి బండి పట్టుకుని వచ్చిన మనిషిని ఏ కౌంటరుకి పంపాలో అక్కడ చాలామందికి తెలియదు. కొలంబియాలో కార్తహేనా లాంటి రేవులకి ప్రయాణికుల బండ్లు ఏళ్ల తరబడి వస్తున్నాయి కాబట్టి ఆ పని తెలిసిన మనుషులు ఉంటారు. ఆ అలవాటున్న రేవు కోసం ఓడ ఖర్చు కొంచెం ఎక్కువైనా పెట్టుకోవచ్చు, నా లెక్కలో అది దండగ కాదు.

తర్వాత తాత్కాలిక దిగుమతి. ఈజిప్ట్, ఇరాన్, పాకిస్తాన్, ఇండియా లాంటి దేశాలు కార్నే అడుగుతాయి. ఇది బండికి పాస్‌పోర్టు లాంటి పుస్తకం. ఆటోమొబైల్ క్లబ్బులు బండి విలువను బట్టి డిపాజిట్టో గ్యారంటీయో తీసుకుని ఇస్తాయి, మామూలుగా ఏడాది చెల్లుతుంది. అందులో ఒక్కో పేజీ మూడు ముక్కలుగా ఉంటుంది: లోపలికి వచ్చేటప్పుడు కస్టమ్స్ ఒక ముక్క చింపుకుంటుంది, బయటికి వెళ్లేటప్పుడు ఇంకోటి చింపుకుంటుంది, మూడోది రెండు ముద్రలతో మీ దగ్గరే ఉండిపోతుంది. ఆ మూడో ముక్క మీద బయటికి వెళ్లిన ముద్ర లేకపోతే బండి ఆ దేశంలోనే ఉండిపోయినట్టు లెక్క, డిపాజిట్ చిక్కుల్లో పడుతుంది. చాలా దేశాలకి కార్నే అక్కర్లేదు, కస్టమ్స్ వాళ్లే పాస్‌పోర్టు, రిజిస్ట్రేషన్ చూసి తాత్కాలిక అనుమతి కాగితం ఇస్తారు. మీరు వెళ్లే దేశం ఏ కోవలోకి వస్తుందో ముందే తేల్చుకోండి, ఎందుకంటే బండి నడిసముద్రంలో ఉండగా కార్నే తెప్పించుకోవడం మహా కష్టం.

శుభ్రత నియమం కూడా ఇక్కడే చూడాలి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాలు బండికి అంటుకున్న మట్టిని, గడ్డి గింజని, పురుగుని చాలా తీవ్రంగా తీసుకుంటాయి. అక్కడికి పంపేవాళ్లు రేడియేటర్ రెక్కల మధ్య, చైన్ కవర్ లోపల, సీటు కింద టూత్‌బ్రష్‌తో తోమి పంపుతారు. తనిఖీలో పిడికెడు మట్టి దొరికినా మళ్లీ కడిగించే ఖర్చు మీదే. దీనికి తోడు పెంకునల్లి జాతి పురుగు ఒకటుంది, దాని భయంతో సెప్టెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఆస్ట్రేలియా తన జాబితాలోని దేశాల నుంచి వచ్చే వాహనాలకి పొగ పెట్టడమో వేడి చికిత్సో చేయించమంటుంది. మీ తేదీలు ఆ నెలల్లో పడితే ఆ ఖర్చునీ లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు అసలు పని. దిగే రేవులో ఉన్న ఏజెంటు పేరు, ఈమెయిలు మీ తరఫున ఓడ ఏర్పాట్లు చేసే ఫార్వార్డర్‌ని అడిగి తీసుకుని నేరుగా వాళ్లకే రాయండి. టెర్మినల్ హ్యాండ్లింగ్ (రేవులో సరుకు దించి సర్దే ఖర్చు) ఎంత, గోడౌన్‌లో కంటైనర్ విప్పి సరుకు దించడానికి ఎంత, డెలివరీ ఆర్డర్ (సరుకు వదలమని రాసిచ్చే కాగితం) ఫీజు ఎంత, డాక్యుమెంట్ ఫీజు ఎంత, ఫోర్క్‌లిఫ్ట్‌కి వేరుగా అడుగుతారా, కస్టమ్స్ తనిఖీకి ఎవరు కడతారు, స్టోరేజీ అద్దె లేకుండా ఎన్ని రోజులు ఉంచుతారు, ఆ రోజులు ఓడ తీరం చేరిన నాటి నుంచి లెక్కా, కంటైనర్ విప్పిన నాటి నుంచి లెక్కా. ఇవన్నీ విడివిడిగా, అంకెలతో, ఈమెయిల్లో రావాలి. ఫోన్లో చెబుతామంటే సరే అనకండి. కొందరు ఓడ రేటు నమ్మలేనంత తక్కువ చెబుతారు, ఆ తగ్గించింది మొత్తం దిగే రేవులో వసూలు చేస్తారు, అసలు కంటే కొసరు ఎక్కువైపోతుంది. అన్నీ కలిపాక విమానంలో పంపే ఖర్చుకి దగ్గరగా వస్తే మొహమాటం లేకుండా విమానంలోనే పంపండి, వారాల సమయం మిగులుతుంది.

ఎలా పంపాలి

పొట్టి దూరమైతే ఫెర్రీ. జిబ్రాల్టర్ జలసంధి సన్నగా ఉన్నచోట 14 కిలోమీటర్లే, బండి నడుపుకుంటూ ఎక్కి నడుపుకుంటూ దిగడమే, పెట్టె లేదు, పోర్టు గోడౌన్ లేదు. కాస్పియన్ సముద్రం మీద బాకూ దగ్గరి అలాత్ రేవు నుంచి కజకిస్తాన్ వైపు వెళ్లే ఫెర్రీలకి మాత్రం స్థిరమైన టైంటేబుల్ ఉండదు, సరుకు నిండినప్పుడు కదులుతాయి, వీసాలో నాలుగు రోజులు ఎక్కువ ఉంచుకోండి. ఫెర్రీలో బండిని గేర్‌లో వదలండి, సీటు మీదుగా పట్టీ వేస్తే దాని కింద మీ గ్లవ్ పెట్టండి, సీటు కోసుకుపోకుండా. సిబ్బంది కడతామన్నా చివర్లో మీ చేత్తో ఒకసారి లాగి చూసుకుని అప్పుడు పైకి వెళ్లండి.

దూరమైతే మూడు దారులు. రో-రో ఓడలో వాహనాలు నడుపుకుంటూ ఎక్కిస్తారు, తాళం చెవి వాళ్ల దగ్గరే ఉంటుంది, పెట్టెల్లో, బ్యాగుల్లో ఏ వస్తువూ ఉంచకూడదు, పైగా కొన్ని కంపెనీలు మోటార్‌సైకిళ్లు అసలు తీసుకోవు. రెండోది ఎల్‌సీఎల్, అంటే వేరేవాళ్ల సరుకుతో పాటు మన పెట్టె కూడా ఒకే కంటైనర్‌లో. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఎక్కువగా పంపేది ఇలాగే. మూడోది మొత్తం కంటైనర్ తీసుకోవడం. 20 అడుగుల కంటైనర్ లోపల పొడవు సుమారు 5.9 మీటర్లు, వెడల్పు 2.35 మీటర్లు. హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలకుండా ఎదురుబొదురుగా పెడితే 4 బండ్లు ఇబ్బంది లేకుండా పడతాయి. నలుగురు దొరికితే నేను ఎప్పుడూ దీనికే ఓటేస్తాను. పెట్టె అక్కర్లేదు, తలుపు మూసి సీలు వేసేటప్పుడు మీరే ఉంటారు, అవతల తలుపు తీసేటప్పుడూ మీరే ఉంటారు, మధ్యలో గోడౌన్ మనుషులు ముట్టుకోరు. ఒక్క జాగ్రత్త: నలుగురిలో ఒకరి కాగితం ఆగితే నలుగురూ ఆగుతారు. కాబట్టి తోడు వచ్చేవాళ్ల రిజిస్ట్రేషన్ని, కార్నేని మీ సొంతవాటిలాగే పట్టి పట్టి చూడండి.

కొలతలే రేటు

ఎల్‌సీఎల్‌లో ఘనపు మీటర్ల లెక్కన వసూలు చేస్తారు. 1 ఘనపు మీటరు, 1000 కిలోలు, ఈ రెంటిలో ఏ లెక్క ఎక్కువ వస్తే అది. బండి బరువు ఎలాగూ 200, 300 కిలోల్లోనే ఉంటుంది కాబట్టి మీరు కట్టేది పూర్తిగా జాగాకే. అద్దాలు, విండ్‌స్క్రీన్, ముందు చక్రం అన్నీ ఉంచి 2.3 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 1.4 మీటర్ల ఎత్తు పెట్టె చేయిస్తే 3.22 ఘనపు మీటర్లు. ముందు చక్రం విప్పి, హ్యాండిల్ వదులు చేసి కిందికి తిప్పి, అద్దాలూ స్క్రీనూ పక్కన పెట్టుకుంటే అదే బండి 1.95, 0.8, 1.1 మీటర్లలో సర్దుకుంటుంది. లెక్క వేస్తే 1.72. దాదాపు సగం! పైగా ఈ సగం ఓడ రేటులోనే కాదు, దిగే రేవులో ఘనపు మీటరుకి ఇంత అని వేసే ప్రతి ఫీజులోనూ తగ్గుతుంది. ఒక పూట పానా పట్టుకుని కూర్చుంటే వచ్చే ఆదా ఇంకెక్కడా రాదు.

బేరం కుదిరాక గోడౌన్‌లో పెట్టెని వాళ్లు టేపుతో కొలుస్తారు. అప్పుడు దగ్గర ఉండండి, ఆ అంకెల్ని ఫోటో తీసుకోండి. బయటికి పొడుచుకొచ్చిన ఒక్క బోల్టు ఉన్నా దాని కొస వరకే కొలత పడుతుంది.

కాగితాలు

పాస్‌పోర్టు, బండి రిజిస్ట్రేషన్, కార్నే లేదా మీరున్న దేశం ఇచ్చిన తాత్కాలిక అనుమతి, ప్యాకింగ్ లిస్ట్, బండి విలువ రాసిన కాగితం. ఇంతే. కానీ వీటన్నిట్లో మీ పేరు, బండి నంబర్లు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. మన పేర్లతో ఇక్కడే తంటా: పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, రిజిస్ట్రేషన్లో పొడి అక్షరమే ఉంటుంది, ఏజెంటు మూడో రకంగా రాస్తాడు. అన్నిట్లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయమనండి, రిజిస్ట్రేషన్‌ని కూడా బయలుదేరే ముందే దానికి సరిచేయించుకోండి.

బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, అన్నిటికన్నా విలువైన కాగితం, దాన్ని బట్టే అవతల బండి మీదని తేలుతుంది. దాని డ్రాఫ్ట్ మీకు ముందే పంపిస్తారు, పంపకపోతే అడిగి తెప్పించుకోండి. దాన్ని ఫోన్లో పైపైన చూసి ఓకే అనేయకండి. బండి దగ్గరికి వెళ్లి, ఛాసిస్ మీద చెక్కిన నంబరు మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం పైకి చదువుతూ సరిచూడండి. ఒకసారి నా బండి డ్రాఫ్ట్‌లో 8 ఉండాల్సిన చోట బి అని కొట్టారు, చిన్న అక్షరాల్లో రెండూ ఒకేలా కనిపించాయి, నేను సరే అన్నాను. అవతలి కస్టమ్స్‌లో అధికారి కాగితం చూశాడు, టార్చి వేసి హ్యాండిల్ కింద నంబరు చూశాడు, మళ్లీ కాగితం చూసి పక్కన పెట్టేశాడు. సవరణ కాగితం వచ్చేసరికి 5 రోజులు, 5 రోజుల స్టోరేజీ. ఆ అక్షరం దగ్గర నేను ఇంకో నిమిషం ఆగి ఉంటే సరిపోయేది. ఇంకో చిట్కా: 17 అక్షరాల విన్ నంబరులో, అంటే ఛాసిస్ మీది ఆ నంబరులోనే, ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడూ వాడరు. కాబట్టి డ్రాఫ్ట్‌లో గుండ్రంగా ఓ లాంటిది కనిపిస్తే అది సున్నానే అయి ఉండాలి, అలాగే కొట్టించండి. పనామాలో అయితే ఓడ ఎక్కించే ముందే పోలీసు తనిఖీలో ఈ నంబర్లు సరిచూస్తారు, మట్టి పట్టి కనపడకపోతే పని ఆగుతుంది, ముందురోజే ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు తుడిచి ఉంచుకోండి.

బిల్లులో కన్సైనీ (సరుకు అందుకునే మనిషి) అన్నచోట మీ పేరే ఉండాలి, ఏజెంటు పేరు కాదు. ఒరిజినల్ బిల్లులు మామూలుగా 3 ఇస్తారు, వాటిలో ఒకటి చూపిస్తేనే అవతల సరుకు వదులుతారు. ప్రయాణంలో ఉన్న మనకి ఆ కాగితాలు మోసుకు తిరగడం ప్రమాదం, పోతే పెద్ద గొడవ. టెలెక్స్ రిలీజ్ అడగండి, లేదా సీ వేబిల్ చేయించుకోండి, అప్పుడు ఒరిజినల్ చూపించకుండానే గుర్తింపు మీద బండి ఇస్తారు.

ఇక మీరు వదిలి వెళ్తున్న దేశంలో, బండి బయటికి పోయినట్టు కస్టమ్స్ ముద్ర లేకుండా విమానం ఎక్కకండి. ఏజెంటు తర్వాత చేయించి పంపిస్తానంటాడు. కొన్ని దేశాల్లో బండి రికార్డు మీ పాస్‌పోర్టుతో ముడిపడి ఉంటుంది, అది మూసేయకపోతే మీరు బయటికి వెళ్లేటప్పుడో మళ్లీ ఎప్పుడైనా వచ్చినప్పుడో బండి ఏదని అడుగుతారు. ముద్ర పడిన కాగితం కాపీ చేతికొచ్చాకే టికెట్ కొనండి.

బండిని సిద్ధం చేయడం

పెట్రోలు వాహనాలు ఓడ నియమాల్లో ప్రమాదకర సరుకుల జాబితాలోకి వస్తాయి, యూఎన్ 3166 అనే నంబరు, 9వ తరగతి. అందుకే ట్యాంకులో పెట్రోలు దాదాపు ఖాళీ చేయమంటారు, బ్యాటరీ తీగలు విప్పమంటారు. ఎంత ఉంచవచ్చో మీ షిప్పింగ్ కంపెనీని అడిగి అంతే ఉంచండి. బ్యాటరీకి ముందు నెగటివ్ తీగ విప్పి, తర్వాత పాజిటివ్ విప్పి, రెండు కొనలకీ టేపు చుట్టండి. క్యాంపింగ్ స్టవ్ గ్యాసు డబ్బా, పెట్రోలు క్యాను, చైన్ స్ప్రే డబ్బాలు బ్యాగుల్లో ఉండిపోయాయేమో చూసి తీసేయండి. ఒక్కటి దొరికినా తప్పుడు ప్రకటన కింద మొత్తం సరుకు ఆపేస్తారు. హెల్మెట్, జాకెట్, టెంటు పెట్టనిస్తారా లేదా అన్నది దేశాన్ని బట్టి. పెట్టనిస్తే ప్యాకింగ్ లిస్ట్‌లో ఒక్కోటీ రాయండి.

బండిని బాగా కడగండి, అంతకంటే ముఖ్యంగా పూర్తిగా ఆరనివ్వండి. కంటైనర్ ఇనప డబ్బా, పగలు కాలుతుంది, రాత్రి చల్లబడుతుంది, లోపలి తేమ పైకప్పుకి పట్టి చుక్కలు చుక్కలుగా కారుతుంది. వారాల తరబడి అలా కారితే బోల్టు తలలు ఎర్రబడతాయి. చైన్‌కి నూనె పట్టించండి, నట్లకీ ఎగ్జాస్ట్ బిగింపులకీ ఏసీఎఫ్-50 లాంటి తుప్పు పట్టనివ్వని ద్రవమో మైనమో పూయండి. బ్రేకు డిస్కుల మీద, ప్యాడ్ల మీద మాత్రం ఒక్క చుక్క పడకూడదు, ముందే గుడ్డ కప్పండి. బండి మొత్తానికీ ప్లాస్టిక్ గట్టిగా చుట్టేవాళ్లని చూశాను, వద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. పాత దుప్పటి నయం.

చివరగా ఫోటోలు. నాలుగు వైపులా, మీటరు రీడింగు, ఛాసిస్ నంబరు, ఉన్న ప్రతి గీతా ప్రతి సొట్టా దగ్గరగా. పెట్టెలో కట్టాక, మూత వేశాక కూడా తీయండి.

పెట్టె, పట్టీలు

కొత్త బండ్లు షోరూముకి ఇనప ఫ్రేము పెట్టెల్లో వస్తాయి. వాళ్లకి అవి చెత్త, అడిగితే చాలాసార్లు ఊరికే ఇచ్చేస్తారు. దొరికితే అదే మేలు. చెక్కతో చేయించుకుంటే ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉన్న చెక్కే వాడమనండి: చెక్క లోపలి వరకు 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలిందని చెప్పే ముద్ర అది, గోధుమ కంకి బొమ్మ, దేశం కోడ్, హెచ్‌టీ అక్షరాలు ఉంటాయి. ముద్ర లేని పచ్చి చెక్క పెట్టెని దిగే రేవులో ఆపుతారు, పొగ పెట్టిస్తారు, ఒక్కోసారి వెనక్కి పంపుతారు. ప్లైవుడ్‌కి ఆ ముద్ర అక్కర్లేదు. కాబట్టి అడుగు, దూలాలు ముద్ర చెక్కతో, గోడలు ప్లైవుడ్‌తో చేయిస్తే సరిపోతుంది.

పెట్టె అడుగు భాగం గట్టిగా ఉండాలి, ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ములు దూరడానికి కింద జాగా ఉండాలి. బండిని సైడ్ స్టాండ్ మీద కట్టొద్దు, ఓడ ఊగిన ప్రతిసారీ బరువంతా ఆ స్టాండ్ మీద పడుతుంది, అది వంగుతుంది లేదా అడుగు చెక్కకి బొక్క పెడుతుంది. స్టాండ్ పైకి మడిచి, బండిని నిటారుగా నిలబెట్టి, నాలుగు మూలలకి నాలుగు రాచెట్ పట్టీలు వేయండి. ముందు పట్టీలు హ్యాండిల్ గ్రిప్పులకి కాదు, ఫోర్కులు పట్టుకునే కింది క్లాంపుకి మెత్తటి గుడ్డ ఉచ్చు వేసి దానికి తగిలించి, ముందుకీ కిందికీ ఏటవాలుగా లాగాలి. వెనక పట్టీలు ఛాసిస్‌కి పట్టుకుని వెనక్కి లాగాలి. ప్లాస్టిక్ భాగాలకీ ఎగ్జాస్ట్‌కీ ఎక్కడా రాసుకోకూడదు.

ఎంత బిగించాలన్నదే చేతికి తెలియాల్సిన విషయం. ముందు ఫోర్కులు సగం దాకా దిగాలి. బొత్తిగా అడుగంటేలా లాగితే వారాల ఒత్తిడికి ఆయిల్ సీళ్లు కారతాయి. వదులుగా ఉంచితే ఓడ కుదుపుకి ఫోర్కు కిందికి దిగినప్పుడు పట్టీ కొక్కెం ఊడి పడుతుంది, ఇక ఆ పట్టీ ఉన్నా లేనట్టే. ఎడమ కొంచెం, కుడి కొంచెం మార్చి మార్చి బిగించుకుంటూ రండి. బిగించడం అయ్యాక వెనక సీటు పట్టుకుని ఊపండి: బండి, పెట్టె ఒకే ముక్కలా కదలాలి. బండి వేరుగా, పెట్టె వేరుగా కదిలితే ఇంకా బిగియాలి. మిగిలిన పట్టీ కొసలు ముడి వేసి టేపు చుట్టండి, రాచెట్ తనంతట విప్పుకోకుండా. తర్వాత గేర్‌లో వేయండి, వెనక చక్రానికి ముందూ వెనకా చెక్క దిమ్మెలు కొట్టండి.

ముందు చక్రం విప్పితే ఫోర్కు కొనల్ని వాటి ఇరుసుతోనే అడుగున ఒక చెక్క దిమ్మెకి బిగించండి, ఇంజిన్ కింద కూడా దన్ను పెట్టండి. బ్రేకు ప్యాడ్ల మధ్య డిస్కు మందమున్న అట్టముక్కో చెక్కముక్కో పెట్టి కట్టేయడం మర్చిపోవద్దు. గోడౌన్‌లో ఎవరైనా ఊరికే బ్రేకు లీవరు నొక్కితే పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి, అవతల చక్రం ఎక్కదు. విప్పిన ప్రతి నట్టూ వాషరూ ఒక జిప్ సంచిలో వేసి బండికే కట్టండి. వాటికి కావలసిన పానాలు మాత్రం మీతో విమానంలో, చెక్ ఇన్ సామానులో తీసుకెళ్లండి, పెట్టెలో కాదు.

బీమా

బండికి రోడ్డు మీద ఉన్న బీమా సముద్రం మీద పనికిరాదు, సరుకు బీమా వేరే తీసుకోవాలి. ఇందులో ఏ, బీ, సీ అని మూడు క్లాజులు. సీ చవక, ఓడ మునగడం, అగ్నిప్రమాదం లాంటి పెద్ద ఉపద్రవాలకే. దొంగతనం బీలోనూ ఉండదు, సీలోనూ ఉండదు. ఏ అన్నిటికంటే విస్తృతం, అయినా ప్యాకింగ్ సరిగా లేకపోవడం, ఆలస్యం దానికీ బయటే. వాడిన బండికి గీతలు, తుప్పు ఒప్పుకోమని కంపెనీలు తరచూ రాసుకుంటాయి, సంతకానికి ముందు ఆ వాక్యం చూడండి.

చవకదైనా సరే, బీమా తీసుకోండి అని నేను గట్టిగా చెప్పడానికి కారణం జనరల్ యావరేజ్. ఓడకి ఆపద వచ్చి, దాన్ని కాపాడటానికి ఖర్చు పెడితే, ఆ ఖర్చుని ఓడలో సరుకున్న ప్రతి ఒక్కరూ విలువను బట్టి పంచుకోవాలి. మీ బండికి గీత పడకపోయినా సరే. 2021 మార్చి 23న సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ అనే ఓడ ఇరుక్కుపోయింది గుర్తుందా? మార్చి 29న కదిలింది గానీ, యజమాని జనరల్ యావరేజ్ ప్రకటించారు, ఓడ జులై 7 దాకా ఈజిప్ట్‌లోనే ఉంది. అలాంటప్పుడు గ్యారంటీ ఇస్తేగానీ సరుకు వదలరు. బీమా ఉంటే ఆ గ్యారంటీ వాళ్లు రాసిస్తారు, ఈ రకం ఖర్చు సీ క్లాజులో కూడా కవరవుతుంది. లేకపోతే నగదు మీరే పెట్టుకోవాలి.

ఓడ కదిలాక

కంటైనర్ నంబరు అడిగి తీసుకోండి, నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటుంది. ఓడ పేరు కూడా. రెండూ ఉంటే షిప్పింగ్ కంపెనీ సైటులో, ఓడలు చూపించే మ్యాపుల్లో మీరే చూసుకోవచ్చు. చెప్పిన తేదీని నమ్మి, డబ్బు తిరిగిరాని టికెట్లు కొనకండి. మధ్యలో ఇంకో రేవులో ఓడ మారేదైతే అక్కడ వారం ఆగినా ఆశ్చర్యం లేదు. ఓడ నిజంగా బయలుదేరాక లెక్క వేసుకుని, బండి కంటే రెండు మూడు రోజులు ముందు మీరు చేరేలా చూసుకోండి. ఆ ఊళ్లో పండగ సెలవులు ఉన్నాయేమో కూడా చూడండి, సెలవు రోజుల్లోనూ స్టోరేజీ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

విడిపించుకోవడం

చేరగానే ఏజెంటు ఆఫీసుకి వెళ్లి, ఇంతకుముందు ఈమెయిల్లో వచ్చిన అంకెల ప్రింటు బల్ల మీద పెట్టండి. కొత్త పేరుతో ఏదైనా ఫీజు కనిపిస్తే అది దేనికో అడగండి. వాళ్లు రాసిచ్చిన కాగితం మీ చేతిలో ఉంటే సగం మాటలు అక్కడే తగ్గుతాయి. డబ్బు కట్టి డెలివరీ ఆర్డర్ తీసుకోండి, దాంతో కస్టమ్స్‌కి, అక్కడి నుంచి గోడౌన్‌కి. ఈ మూడు చోట్లా పొద్దున్నే మొదటివాళ్లుగా ఉంటే ఒకే రోజులో అయ్యే అవకాశం ఉంది, మధ్యాహ్నం మొదలుపెడితే లేదు. ఒరిజినళ్లన్నిటికీ ఐదారు కాపీలు సంచిలో ఉండాలి.

పెట్టె విప్పకముందే చుట్టూ తిరిగి చూడండి. పగిలిన మూల, కొత్త మేకు, తడి మరక ఏది కనిపించినా ఫోటో తీసి, సంతకం పెట్టే రసీదు మీదే దెబ్బ ఉందని రాయండి. శుభ్రంగా ఉందని సంతకం పెట్టాక బీమా అడిగితే వాళ్లకి సాకు దొరుకుతుంది. కస్టమ్స్ కాగితంలో బండి ఎంతకాలం ఉండొచ్చని రాశారో అక్కడే చదవండి, మీ వీసా గడువు దానికదే వేరు.

చక్రం ఎక్కించి, ఇరుసు బిగించి, అట్టముక్క తీసి, బ్రేకు లీవరు గట్టిపడే వరకు పది సార్లు నొక్కండి. లీవరు గట్టిపడకుండా బండి ఎక్కకండి. బ్యాటరీకి ఈసారి పాజిటివ్ ముందు, నెగటివ్ తర్వాత. టైర్లలో గాలి తగ్గి ఉంటుంది. ట్యాంకులో పెట్రోలు ఉండదు, గోడౌన్ లోపల పోయనివ్వరు కూడా, కాబట్టి ముందురోజే రెండు లీటర్లు సరైన క్యాన్లో తెచ్చి గేటు బయట ఎవరైనా పట్టుకుని నిలబడేలా చూసుకోండి. ఖాళీ చెక్కపెట్టె ఎక్కడ పారేయాలో అడగండి, కొన్నిచోట్ల దానికీ డబ్బు తీసుకుంటారు. గేటు దాకా తోసుకెళ్లి, పెట్రోలు పోసి, స్టార్ట్ చేసి, మొదటి 50 కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్లి, రోడ్డు పక్కన ఆపి ముందు ఇరుసు నట్టూ హ్యాండిల్ బోల్టులూ మళ్లీ ఒకసారి పానాతో చూడండి.